మింగేదా, గుచ్చేదా?

"ప్రొఫెసర్ నోట్లో పెట్టుకునే ప్రతిదీ ముందు నువ్వు తినాలి," అన్నాడు చీఫ్, తెల్లకోటూ వంటవాడి టోపీ బల్ల మీదికి విసురుతూ. "విదేశీ ముఠా మెసేజ్ దొరికింది. మనవాళ్లు డీకోడ్ చేసి మన భాషలోకి మార్చారు. మధ్యాహ్నం సన్మాన సభలో ప్రొఫెసర్‌కి విషం. నీ కోడ్ నేమ్ గరిట. డౌట్లున్నాయా?"

"తిని నేను పోతేనో సార్?"

"అప్పుడు ప్రొఫెసర్ తినడు. మిషన్ సక్సెస్."

శత్రు శాటిలైట్లని గుడ్డివి చేసే యంత్రం ఆ ముసలాయన బుర్రలో ఉంది. కాగితం మీద ఒక్క గీత కూడా లేదు. ఆయన పోతే అదీ పోయినట్టే.

పదిహేనేళ్ల సర్వీసులో గరిటకి ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. తుపాకీ అయితే కనీసం కనిపిస్తుంది. వంటగదిలో ఒక చెంచా సూప్ మింగి, గోడ గడియారం చూస్తూ అరవై లెక్కపెట్టాడు. బతికే ఉన్నాడు. బన్ను కొరికి మళ్లీ అరవై లెక్కపెట్టాడు. గుటక గుటకకీ భార్య మొహం కళ్లముందు మెదిలింది. ఉప్పుతో సహా అన్నీ రుచి చూడటం అయిపోయింది, ఏమీ కాలేదు. దాంతో భయం ఇంకా పెరిగింది. తిండిలో లేకపోతే మరెక్కడుంది?

కాలర్ బటన్‌లోని మైక్‌లో గొణిగాడు. "సార్, మెసేజ్‌లో ఇంగ్లీషు మాట పాయిజనేనా?"

"వెనమ్. ఏదైతే ఏం, రెండూ విషమేగా!"

గరిటకి పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్ల పెద్దమ్మ పాముల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైంది. పాముది పాయిజన్ అన్నవాణ్ణల్లా ఆవిడ ఉతికి ఆరేసేది. "ఒరేయ్, పాయిజన్ మింగితే చంపుతుంది. వెనమ్ గుచ్చుకుని నెత్తుట్లో కలవాలి. పాముకి కోరలున్నది అందుకేరా!"

"సార్, వాళ్లు తినిపించరు! గుచ్చుతారు!"

"దేంతో?"

గరిట తలుపు సందులోంచి హాల్లోకి చూశాడు. వేదిక మీద ఏజెంట్ సీతాకోక అతిథులకి బ్యాడ్జీలు పెడుతోంది. సిల్కు గౌను, వజ్రాల దుద్దులు, మతి పోగొట్టే నవ్వు. ముఠాలో మనవాళ్లు పెట్టిన డబుల్ ఏజెంట్. అందరి బ్యాడ్జీలూ ట్రేలోంచి తీసింది. ప్రొఫెసర్‌ది మాత్రం తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీస్తోంది. దాని పిన్ను బొటనవేలంత పొడుగుంది.

"సార్, సీతాకోక!"

"మతిపోయిందా? ఆమె మన మనిషి!"

"ఆ సంగతి ఆమెకి తెలుసా సార్?"

జవాబు కోసం ఆగలేదు. వేదిక మీదికి పరుగెత్తాడు. పిన్ను మొన ప్రొఫెసర్ చొక్కాకి ఆనబోతోంది. గరిట చేతిలో సగం కొరికిన బన్ను తప్ప ఏమీ లేదు. దాన్నే మధ్యలోకి తోశాడు. పిన్ను కసుక్కున బన్నులో దిగింది. రెండో చేత్తో ఆమె మణికట్టు మెలితిప్పాడు. సెక్యూరిటీ చుట్టుముట్టింది.

"నువ్వు వంటగదిలోనే చస్తుంటావనుకున్నాను," అంది సీతాకోక.

"మా ఆఫీసువాళ్లూ అదే అనుకున్నారు మేడమ్."

ఆమెని తీసుకెళ్లాక గరిట మెట్ల మీద కూలబడి, వంటవాడి టోపీతో మొహం తుడుచుకున్నాడు. చీఫ్ వచ్చి, పిన్ను పీకేసిన బన్నుని రుమాలుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఇది తింటే ఏమీ కాదంటావ్?"

"నోట్లో పుండు లేకపోతే కాదనే అంటారు సార్."

"రిపోర్టులో రాయాలంటే రుజువు కావాలి," అంటూ చీఫ్ బన్ను ముందుకి చాపాడు.

గరిట రెండడుగులు వెనక్కి జరిగాడు. "కడుపు నిండిపోయింది సార్. మీరు కానివ్వండి."