అవ్వ వేలి మిషన్

"అఖిలా! అవ్వకు మిషన్ పెట్టినవా? పన్నెండయితుంది!" వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఆఁ, పోతున్న!" అంది అఖిల. అంది కానీ కదల్లేదు.

ఫోన్‌లో లూడో ఆట మంచి పట్టు మీద ఉంది. పక్కింటి రోజా గోటీ ఇంకో రెండు గళ్ళు జరిగితే గెలిచేస్తుంది. లాక్‌డౌన్ మొదలయ్యాక ఇద్దరికీ గోడ మీంచి మాటలు, ఫోన్‌లో ఆటలే దిక్కు. అవ్వకు కరోనా అని తెలిసి ఆరు రోజులైంది. అప్పటినుంచి వాళ్ళ గడప తొక్కినవాళ్ళే లేరు. బోధన్‌లో ఆ గల్లీ గల్లీయే తలుపులు మూసుకొని కూర్చుంది. అవ్వ కొడుకు, అఖిల బాపు, పసుపు లోడుతో లారీ తోలుకొని మహారాష్ట్రలోని సాంగ్లీ పోయి, అక్కడే ఆగిపోయాడు.

అవ్వ పేరు హన్మవ్వ. నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఇరవై అయిదు బీడీల కట్టను చూడకుండా చేత్తోనే లెక్కపెట్టగలదు. కానీ రాసిన అంకె చదవడం రాదు. ఇప్పుడు ముందు గదిలో ఒక్కతే ఉంటోంది.

ఆశ వర్కర్ ప్రమీలమ్మ వేలికి పెట్టే చిన్న మిషన్ ఇచ్చి పోయింది. అందులో రెండు అంకెలు వెలుగుతాయి. పెద్దది ఆక్సిజన్, చిన్నది గుండె వేగం. "పెద్ద నంబరు తొంభై నాలుగు కన్న తక్కువొస్తే ఎమ్మటే నాకు ఫోన్ కొట్టుండ్రి" అని గట్టిగా చెప్పింది. మూడు పూటలా కిటికీ బయట నిలబడి, రెండు అంకెలూ చూసి నోటుబుక్కులో రాయడం అఖిల డ్యూటీ.

అమ్మ రెండోసారి అరిచింది. అఖిల ఫోన్ పట్టుకొనే కిటికీ దగ్గరికి ఉరికింది.

రోజూ అవ్వ లేచి వచ్చి వేలు నిలబెట్టి చూపించేది. ఈ పూట లేవలేదు. మంచం మీదే పడుకొని, మిషన్ పెట్టుకున్న చెయ్యి కిటికీ వైపు చాపింది.

"ఎంతొచ్చింది బిడ్డా?"

"తొంభై ఎనిమిది! మస్తు మంచిగుంది అవ్వా!"

"గట్లనా? నాకే ఎందుకో ఆయాసం పడ్తుంది..."

ఫోన్ టింగుమంది. రోజా పందెం వేసేసింది, ఇక తన వంతు. అఖిల గబగబా 98 అని రాసింది. చిన్న అంకె? పొద్దున 84 ఉంది కదా, మధ్యాహ్నానికి మాత్రం ఎక్కడికి పోతుంది! అదే దించేసింది.

ఆ ఆట అఖిలే గెలిచింది.

మూడింటికి చూస్తే, గుమ్మంలో పెట్టిన గంజి పెట్టినట్టే ఉంది. అమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. "అత్తమ్మా, గంజి తాగలేదేంది?" అని పిలిచింది. అవ్వ కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది. అమ్మ నోటుబుక్కు తీసి చూసింది.

"నంబరు మంచిగనే ఉన్నది. నీరసమేమో. కొంచెం సేపు పండుకోనీ" అంది. ఆరు రోజులుగా అమ్మ ధైర్యమంతా ఆ అంకెల మీదే నిలబడి ఉంది. చూడకుండా రాసిన చిన్న అంకె అఖిలకు గుర్తొచ్చింది. అమ్మ చేతిలోంచి బుక్కు తీసుకొని మూసేసింది.

నాలుగింటికి ప్రమీలమ్మ వచ్చి గేటు అవతల నిలబడింది. అఖిల దూరం నుంచే బుక్కు తెరిచి పట్టుకుంది.

"గుండెది పొద్దుగాల 84, పగటీలి గూడ 84నేనా? నువ్వు సూసే రాసినవా అఖిలా?"

"సూసిన" అంది అఖిల. ఆ మాట తన చెవికే సరిగ్గా వినపడలేదు.

"పో, ఇంకోసారి సూసి రాపో."

అవ్వ అలాగే పడుకొని ఉంది. మిషన్ పెట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. చెయ్యి మళ్ళీ అలాగే కిటికీ వైపు చాపింది. పెద్ద అంకె 98. హమ్మయ్య! అఖిల చిన్న అంకె చూసింది. 901.

తొమ్మిది వందల ఒకటా! ఏ మనిషి గుండె అయినా అన్నిసార్లు కొట్టుకుంటుందా? మిషన్ ఖరాబైందేమో అనుకుంది. కిటికీ ఊచలకు తల ఆనించి, మెడ పక్కకు వంచి, ఇంకా వంచి చూసింది.

901 కాదు, 106. 98 కాదు, 86.

అవ్వ వేలు నిలబెట్టకుండా తన వైపు చాపడంతో అంకెలు తలకిందులుగా ఉన్నాయి. మధ్యాహ్నం కూడా అవ్వ చెయ్యి ఇలాగే ఉంది.

"అమ్మా!" అఖిల అరుపుకు గల్లీలో మూసిన తలుపులు కూడా తెరుచుకున్నాయి.

ప్రమీలమ్మ ఫోన్ కొడితే అంబులెన్స్ వచ్చింది. తల నుంచి కాలి దాకా నీలం డ్రెస్సు తొడుక్కున్న మనిషి, అవ్వ ముక్కుకు ఆక్సిజన్ పెడుతూ అడిగాడు. "ఎప్పటిసంది గిట్లున్నది?"

"పగటీలి తొంభై ఎనిమిది ఉండె సారూ. గింతల్నే పడిపోయింది" అంది అమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

అఖిల తలుపు చాటున నిలబడింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ సంగతి తనకు తెలుసు.

"కాదు సార్" అంటూ బయటికి వచ్చింది. "పగటీలి పన్నెండింటికి గూడ ఎనభై ఆరే. నేను ఉల్టా సూసి రాసిన. చిన్న నంబరు సూడనే లేదు. పొద్దుగాలదే రాసిన."

"అంటే గిట్లయ్యి నాలుగు గంటలు దాటింది" అని అతను వెంటనే ఎవరికో ఫోన్ చేసి చెప్పాడు. వెంట ఎవరూ రావద్దన్నారు. బండి నిజామాబాద్ వైపు వెళ్ళిపోయింది.

అమ్మ గుమ్మంలో కూలబడింది. అఖిల వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, నన్ను తిట్టవా?"

"తిడితే ఆ నాలుగు గంటలు వాపసొస్తయా బిడ్డా?" అమ్మ మళ్ళీ అంది. "నేను గూడ నంబర్నే సూసిన. మనిషిని సూడలె."

ఇద్దరూ ఏడ్చారు. ఆ రాత్రి అఖిల నోటుబుక్కు తీసింది. 98 మీద గీత గీసి, పక్కన 86 రాసింది. పేజీ చింపలేదు.

రోజూ ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఒకటే జవాబు. "ఆక్సిజన్ మీదనే ఉన్నది." అవ్వ బీడీల చాట కొక్కేనికి వేలాడుతూ ఉంది. అటు చూడాలంటే అఖిలకు భయమేసేది.

నాలుగో రోజు రోజా వాళ్ళ తాత భీమన్నకు జ్వరం వచ్చింది. ప్రమీలమ్మ మిషన్ వాళ్ళకు ఇమ్మంది. అఖిల దాన్ని శుభ్రంగా తుడిచింది. అవ్వ చాట దించి, బీడీలకు కట్టే ఎర్రదారం ముక్క కత్తిరించి, మిషన్‌కు పైవైపు ముడేసింది. గోడ మీంచి రోజాకు అందించింది.

"దారం పైకున్నప్పుడే సూడు. రెండు నంబర్లూ రాయి. తాత లేచిండా, గంజి తాగిండా, అది గూడ రాయి."

"సరే. ఇప్పుడు లూడో ఆడుదామా?"

"ఫస్టు తాతను సూసి రా. నేను ఆగుత."

పన్నెండో రోజు అవ్వ ఇంటికి వచ్చింది. సగం మనిషి అయిపోయింది. గేటు నుంచి మంచం దాకా రావడానికి మూడుసార్లు ఆగింది. ఇక బీడీల జోలికి పోవద్దని డాక్టర్ చెప్పాడట. ఊరికే ఉండిపోయిన తన చేతులను చూసుకుంటూ కూర్చుంది.

సాయంత్రం, రోజా తాతకు జ్వరం తగ్గడంతో, ఎర్రదారం కట్టిన మిషన్ గోడ దాటి తిరిగి వచ్చింది. అవ్వ అలవాటుగా దాన్ని వేలికి పెట్టుకొని చెయ్యి చాపింది.

"ఎంతొచ్చింది బిడ్డా?"

అఖిల ఇంకా అంకె చూడలేదు. అవ్వ పక్కన కూర్చొని, ముందు ఆమె మొహంలోకి చూసింది.

"ఆయాసం పడ్తుందా అవ్వా?" అని అడిగింది.