రేడియో తగ్గించు రాయిస్

నడీన్ మజ్జిగ పోసి బిస్కెట్ల పిండి కలుపుతుంటే, వంటింటి బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరూ అప్పుడే యుద్ధానికి దిగారు. ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ఇది మామూలే. శనివారం హార్లో కాలేజీ జట్టు అమెరికా ఫుట్‌బాల్ ఆడుతుంది, బంతిని చేత్తో మోసుకుని అవతలి గీత దాటించే ఆట. ఆదివారం అదే ఆటని ఆమె భర్త వెర్నన్, అతని తమ్ముడు డబ్ మళ్ళీ ఆడతారు. ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, సిరప్ సీసా, నిన్న మిగిలిన బిస్కెట్లు అన్నీ ఆటగాళ్ళే.

"ఇదిగో గీత," అని వెర్నన్ వెన్న కత్తిని అడ్డంగా పెట్టాడు. "గీతకి రెండు గజాలు. ఆఖరి అవకాశం. గడియారంలో నిమిషం కూడా లేదు. దున్నపోతుల్లాంటి కుర్రాళ్ళు ముందుండగా, బంతి చంకలో పెట్టుకుని మధ్యలోంచి దూసుకుపోవాలా, గాల్లోకి విసరాలా?"

"మధ్యలో అవతలివాళ్ళు గోడ కట్టారు అన్నయ్యా. నీ ఉప్పు డబ్బా ఎక్కడ దూరుతుంది?"

"నిన్న మొత్తం తొమ్మిది పాయింట్లు. అవీ కాలితో తన్ని తెచ్చుకున్నవే. బంతి మోసుకుని గీత దాటినవాడు ఒక్కడు లేడు. దీన్ని దాడి అంటారా? ఏ ఎత్తు వేయాలో పిలిచి చెప్పేవాడికి బుద్ధుండక్కర్లా?"

"ఆ ఎత్తులు పిలిచేవాడు నీ కొడుకు," అంది నడీన్ వెనక్కి తిరక్కుండానే.

"అందుకే తిడుతున్నా. పరాయివాడైతే నాకేం పని?"

"నేననేదేంటంటే అన్నయ్యా, మధ్యలోంచి ఎవరికీ దారి లేదు."

"ఉంటుంది. దూరేవాడుంటే దారి ఉంటుంది."

డబ్ నోరు మూసుకున్నాడు. పిండిలో నడీన్ చెయ్యి ఆగిపోయింది. దూరేవాడెవడో ముగ్గురికీ తెలుసు. అతని పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

రాయిస్ వెర్నన్, నడీన్‌ల పెద్దకొడుకు. హార్లో తరఫున ఆడిన రోజుల్లో, వీపు మీద ఇద్దరు వేలాడుతుండగా వాళ్ళతో సహా గీత దాటినవాడు. అలబామాలో ఆ మూల పెట్రోలు బంకుల్లో ఇప్పటికీ ఆ పరుగు గురించి చెప్పుకుంటారు. చదువైపోయి, ఉద్యోగం వచ్చాక, ఓ శనివారం ఆట చూసి వస్తూ వానలో వంతెన మీంచి కారుతో సహా పడి చనిపోయాడు. తొమ్మిదేళ్ళయింది. చిన్నకొడుకు క్లే రెండేళ్ళ కిందట అదే కాలేజీకి శిక్షకుడిగా వచ్చాడు. బంతి తమ చేతిలో ఉన్నప్పుడల్లా ఏ ఎత్తు వేయాలో హెడ్‌సెట్‌లో చెప్పేది అతనే. గెలిస్తే కుర్రాళ్ళు గెలిచినట్టు, ఓడితే క్లే ఓడించినట్టు. ఊరి లెక్క అది.

చర్చికి వేళయింది. వెర్నన్ ఎప్పట్లాగే రానన్నాడు. పెద్దవాడు పోయినప్పటినుంచి అతను దేవుడితో మాట్లాడటం మానేశాడు. నడీన్ పాటల బృందంలో వెనక వరసలో నిలబడుతుంది, ఏ ఆదివారమూ మానదు. ఆరోజు మాత్రం డబ్ తెచ్చిన ట్రక్కు ఎక్కబోతే ఆమె మోకాలు సహకరించలేదు.

"నువ్వెళ్ళు డబ్. ఇవాళ ఈ కాలుతో గంటసేపు నిలబడలేను."

డబ్ ముఖంలో ఏదో కంగారు కనిపించింది. "రా వదినా, కూర్చుని పాడుదువుగాని. ఇంట్లో ఉండి ఏం చేస్తావు?"

"కోడి వేయిస్తా. మధ్యాహ్నం క్లే వస్తాడుగా."

అతను ఇంకేదో అనబోయి, అనకుండా ట్రక్కు తీశాడు. నడీన్ నెమ్మదిగా మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేసరికి వెర్నన్ అక్కడ లేడు. లోపలెక్కడో పడుకున్నాడనుకుంది. కిటికీలో రేడియో గొణుగుతోంది. ఆదివారం పొద్దున సగం ఊరు చర్చిలో ఉంటే, మిగతా సగం ఆ రేడియో కార్యక్రమానికి ఫోన్లు చేసి జట్టుని ఉతికి ఆరేస్తుంది. నడీన్‌కి దాని సంగతి తెలుసుగానీ ఎన్నడూ విన్నది లేదు. కన్నకొడుకుని తిడుతుంటే ఏ తల్లి వింటుంది? ఆపేద్దామని చెయ్యి చాచింది.

"తర్వాత లైన్లో మిల్ క్రీక్ ఊరి నుంచి మన ఆదివారం నేస్తం," అన్నాడు రేడియోలో వ్యాఖ్యాత. కొత్తగా వేరే ఊరినుంచి వచ్చినవాడు. "చెప్పు రాయిస్."

"చెప్పేదేముంది," అంది ఆ గొంతు. "మధ్యలోంచి పోవాలి. నేనైతే పోయేవాణ్ణి."

నడీన్ చాచిన చెయ్యి రేడియో మీదే ఆగింది.

అది రాయిస్ గొంతే. ఆ బొంగురు, మాట చివర సాగదీసే ఆ తీరు. ఆమె బుద్ధి వద్దంటున్నా చెయ్యి రేడియో గుండీని ఆ చివరిదాకా తిప్పేసింది. ఇల్లంతా ఆ గొంతుతో నిండిపోయింది.

"నిన్న ఆ ఎత్తు పిలిచినవాడికి గుండె లేదు. గీత దగ్గర నిలబడి భయపడ్డాడు. నేనక్కడ ఉండి ఉంటే..."

"రాయిస్, ఒక్క నిమిషం," అన్నాడు వ్యాఖ్యాత. "నీ వెనక రేడియో గట్టిగా మోగుతోంది. కాస్త తగ్గించు."

"అదా, వంటింట్లోది. ఆపడం మర్చిపోయినట్టున్నా."

మోగుతున్నది ఈ రేడియోనే అని నడీన్‌కి తట్టింది. గుండీని వెనక్కి తిప్పింది. కాసేపటికి వ్యాఖ్యాత అన్నాడు, "ఆ, ఇప్పుడు బాగుంది. చెప్పు."

చచ్చిపోయిన కొడుకు ఈ ఇంట్లోనే ఎక్కడో ఉండి మాట్లాడుతున్నాడు. ఆ క్షణంలో ఆమె దాన్ని నమ్మింది. భయం వేసింది, దానికంటే ఎక్కువగా ఆశ పుట్టింది. గోడ పట్టుకుని నడవాలోకి నడిచింది. చివర రాయిస్ గది తలుపు మూసి ఉంది. దాని వెనకనుంచి వినబడింది, "ఆ కుర్రాడు అక్కడికి తగడు." ఆమె తలుపు దాకా వచ్చేసరికి, వెనక వంటింట్లోంచి అదే గొంతు, అదే మాట మళ్ళీ వచ్చింది, "ఆ కుర్రాడు అక్కడికి తగడు." ఎవరైనా నోరు జారితే కత్తిరించడానికి రేడియోవాళ్ళు మాటని కాస్త ఆలస్యంగా వదులుతారు. నడీన్‌కి ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. తలుపు తోసింది.

రాయిస్ మంచం మీద వెర్నన్ కూర్చుని ఉన్నాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని.

ఆ తండ్రీకొడుకులవి ఒకటే గొంతు. రాయిస్ ఉన్నప్పుడు ఫోనులో ఒకరనుకుని ఒకరితో మాట్లాడని చుట్టం లేడు. భార్యని చూసి వెర్నన్ ఫోను పక్కన పడేశాడు. కాసేపటికి వంటింట్లోంచి వ్యాఖ్యాత పిలుపు వినబడింది, "రాయిస్? రాయిస్, ఉన్నావా?... లైన్ పోయినట్టుంది."

నడీన్ తలుపు పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది. కొడుకు రెండోసారి పోయినంత ఏడుపు వచ్చింది ఆమెకి.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది చివరికి.

"ఈ నెలంతా."

"ఊళ్ళో అందరికీ తెలుసా?"

"డబ్‌కి తెలుసు. మిగతావాళ్ళకీ తెలిసే ఉంటుంది. ఎవరూ ఏమీ అనలేదు."

ఆమె ఇంకో మాట అనేలోపు బయట కారు ఆగింది.

మధ్యాహ్నం రావాల్సిన క్లే అప్పుడే వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. టోపీ తీయలేదు. పక్కన భార్య లేదు.

"జెనెల్ ఏదిరా?" అంది నడీన్ కళ్ళు తుడుచుకుంటూ.

"రానంది. నేను కూడా చెప్పి వెళ్ళిపోదామనే వచ్చానమ్మా. రేపు రాజీనామా ఇస్తున్నా. ఒరెగాన్‌లో ఓ చిన్న కాలేజీ రమ్మంటోంది. ఇక ఆదివారాలు నాకోసం వండకు."

"ఊరు తిడుతోందనా?"

"ఊరు తిట్టకపోతే అది ఊరే కాదు. పెట్రోలు బంకులో తిడతారు, చర్చి మెట్ల మీద తిడతారు. పళ్ళ డాక్టరు నా నోట్లో చెయ్యి పెట్టి మరీ తిట్టాడు. నేను బదులు చెప్పలేనని." అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "దానికి జీతమిస్తున్నారు, పడతా. కానీ అన్నయ్య తిడుతుంటే పడలేనమ్మా. మొదటిసారి విన్నప్పుడు కారు పక్కకి ఆపేశా. నాన్న గొంతని తెలుసు. తెలిసినా, వాడే వచ్చి నేను తగనని చెబుతున్నట్టుంది. ఇవాళ కూడా విన్నా, దారిలో."

వెర్నన్ తల వంచుకుని వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. "నేను ఆట గురించే మాట్లాడా."

"ఆట గురించైతే నీ పేరుతో మాట్లాడొచ్చుగా నాన్నా. వాడి పేరు దేనికి?"

"దేనికంటే..." వెర్నన్ ఉప్పు డబ్బాని అటూ ఇటూ జరిపాడు. "మొదటిసారి పేరడిగితే నోటికొచ్చేసింది. అటువైపు అతను 'చెప్పు రాయిస్' అన్నాడు. తొమ్మిదేళ్ళయిందిరా, ఎవరైనా ఆ పేరుని అలా పిలిచి. ఉన్నవాణ్ణి పిలిచినట్టు. ఇంట్లో మీ అమ్మ అనదు, నేను అనను. డబ్‌గాడు నోరు మూసుకుంటాడు. అక్కడ ఫోను చేస్తే చాలు, అంటారు. ఆ మాట కోసం చేశా. ఆ తర్వాత ఏదో ఒకటి మాట్లాడాలి కదా, ఆట గురించి మాట్లాడా."

"నన్ను తిట్టావు."

"తిట్టా," అన్నాడు వెర్నన్. "వాడైతే మధ్యలోంచి పోయేవాడని కోపం. నువ్వెందుకు పంపవురా? రెండేళ్ళుగా చూస్తున్నా. గీత దగ్గరికి వస్తావు, ఆ ఒక్క ఎత్తు తప్ప అన్నీ వేస్తావు."

క్లే వచ్చినప్పటినుంచి తీయని టోపీ అప్పుడు తీశాడు.

"ఆ ఎత్తు పేరేంటో తెలుసుగా నాన్నా. వాడు పోయిన ఏడాదే కాలేజీవాళ్ళు వాడి పేరు పెట్టేశారు. అది వేయాలంటే హెడ్‌సెట్‌లో నేను ఆ పేరు పలకాలి. నోరు తెరుస్తా, రాదు. ఆ రాత్రి ఆసుపత్రికి మీరిద్దరూ రాలేకపోయారు. నేనే వెళ్ళా. దుప్పటి తీసి, ఇతని పేరు చెప్పమన్నారు. చెప్పా. ఆ తర్వాత మళ్ళీ ఇంతవరకూ పలకలేదు. నిన్న గీత దగ్గర కుర్రాళ్ళు నావైపు చూస్తుంటే నాకు ఆ దుప్పటే కనబడింది. ఏది నోటికొస్తే అది పిలిచేశా."

వెర్నన్ చెయ్యి ఉప్పు డబ్బా మీద ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా చిన్నవాడొక్కడే ఏం మోస్తున్నాడో ఆ తల్లిదండ్రులు ఎన్నడూ అడగలేదు.

"ఒకణ్ణి వంతెన మీద పోగొట్టుకున్నా," అంది నడీన్. "వాణ్ణి అడ్డం పెట్టుకుని రెండోవాణ్ణి ఈ ఇంట్లోంచే పోగొట్టుకోమంటే కుదరదు. నువ్వు వెళ్తే వెళ్ళు క్లే, నీ ఇష్టం. కానీ వాడికి భయపడి వెళ్ళకు. వాడు నీ అన్న. కూర్చో. ఆ ఎత్తు ఎలా పిలుస్తారో నాకు పిలిచి చూపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడ మేము తప్ప ఎవరూ లేరు."

అతను కూర్చున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. వెర్నన్ బల్ల మీదుగా చెయ్యి చాచి కొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

"హెవీ రైట్," అన్నాడు క్లే. కుడివైపు బలంగా నిలబడమని ఆటగాళ్ళకి చెప్పే మాట అది. ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. "హెవీ రైట్, రాయిస్."

ఆ పేరు విన్నాక ముగ్గురూ ఏడ్చారు. పక్కపక్కనే కూర్చుని వాళ్ళు అలా ఏడవడం అదే మొదటిసారి. కోడి వేయించడం ఎవరికీ గుర్తులేదు. చివరికి పొద్దుటి బిస్కెట్లే తిన్నారు. క్లే వెళ్తుంటే నడీన్ కోడలికని ఓ పళ్ళెం నిండా బిస్కెట్లు సర్ది పైన రేకు కాగితం కప్పి ఇచ్చింది. "ఇది మా అమ్మ పళ్ళెం. వచ్చే ఆదివారం తెచ్చివ్వాలి," అంది. రాజీనామా సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

శనివారం ఆట టీవీలో చూశారు. ఆఖర్లో హార్లో మళ్ళీ గీత దగ్గరికి వచ్చింది. కెమెరా క్లే మీదికి వెళ్ళింది. శిక్షకులందరూ ఎత్తు పిలిచేటప్పుడు అవతలివాళ్ళు పెదాలు చదవకుండా నోటికి అట్ట అడ్డం పెట్టుకుంటారు. క్లే ఆ అట్టని కిందికి దించాడు. పెదాలు కదిలాయి. నడీన్ చదివింది.

ఎత్తు పారలేదు. అరగజం దగ్గర ఆపేశారు, జట్టు ఓడింది. ఇక ఊరు ఊరుకుంటుందా? నిన్నటిదాకా మధ్యలోంచి పంపలేదని ఏడ్చినవాళ్ళే, గాల్లోకి విసిరి ఉండాల్సిందని తెల్లారేసరికి మాట మార్చేశారు. డబ్ కూడా పొద్దున్నే వచ్చి, "నేను చెప్పానా వదినా, గోడ కట్టారు," అన్నాడు.

ఆ ఆదివారం వెర్నన్ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని ఫోను చేశాడు. నడీన్ చర్చికి వెళ్ళలేదు. కిటికీలో రేడియోని తనే ఆపేసి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

"లైన్లో ఎవరు? రాయిసేనా?" అన్నాడు వ్యాఖ్యాత.

"కాదు. నా పేరు వెర్నన్. రాయిస్ తండ్రిని." అతను భార్య వైపు చూశాడు. "క్లే తండ్రిని కూడా. నిన్న గీత దగ్గర మావాడు పిలిచిన ఎత్తు గురించి చెప్పాలి. అది సరైన ఎత్తు."

బయట కారు వచ్చి ఆగింది. కారు అద్దాలు దించి ఉన్నట్టున్నాయి, లోపలి రేడియో గట్టిగా వినబడుతోంది. వెర్నన్ అన్న మాటలే కాస్త ఆలస్యంగా ఇంటి ముందునుంచి వచ్చాయి: రాయిస్ తండ్రిని, క్లే తండ్రిని కూడా. కారు తలుపు తెరుచుకుంది గానీ ఎవరూ దిగలేదు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుని వింటున్నాడు క్లే.

"వెర్నన్‌గారూ, మీ దగ్గర ఎక్కడో రేడియో మోగుతోంది," అన్నాడు వ్యాఖ్యాత. "కాస్త తగ్గిస్తారా?"

"అది మా చిన్నాడి కార్లోది," అన్నాడు వెర్నన్. "మోగనీ."