చౌడమ్మ చేతి బోణీ

నాయన పోయినప్పుడు నా చేతిలో ఉన్నవి ధర్మవరంలో చిన్న పట్టుచీరల అంగడి, ఏ బేరమైనా కుదర్చగల నోరు, మా అమ్మ చౌడమ్మ. అమ్మే పెద్ద పెట్టుబడి. ఆమె బోణీ చేస్తే సరుకు నిలవదని మా వీధి నమ్మకం. ఎవరు కొత్త మగ్గం పెట్టినా ఆమెనే ముందు పిలుస్తారు.

ఒక పొద్దున షట్టర్ ఎత్తగానే ఒకమ్మాయి వచ్చింది. హుషారుగా చీరలు పరిచాను. అన్నీ చూసి నవ్వింది.

"నేను పెనుకొండ నుంచి వచ్చిన నర్సునప్పా, పవిత్ర. కళ్యాణమండపంలో ఆడోళ్ళకు క్యాన్సర్ పరీక్షల క్యాంపు ఉండాది. ఈడ పోస్టర్ అంటించుకోనా?"

"బోణీ కాకముందే క్యాన్సర్ మాటా? చీర ఒకటీ నచ్చలేదా?"

"నాకు నచ్చింది. నా జీతానికే నచ్చలేదు."

పోస్టర్ అంటించి మరీ పోయింది.

మధ్యాహ్నం అటు వెళ్తే లోపల కుర్చీలన్నీ ఖాళీ. గేటు బయట ఆడవాళ్ళు "నువ్వు పో ముందు", "నువ్వే పో" అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. పవిత్ర ముఖం వాడిపోయింది.

"మీకు బోణీ కాలేదు, అంతే. మా ఇంటికి రండి," అన్నాను.

పరీక్షకు ముందు నువ్వే పోవాలనగానే అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "రోగానికి బోణీ చేస్తారేమిరా, యాడన్నా?"

అంటూనే ఆమె చెయ్యి చంక కిందికి పోయింది. నేను చూడగానే తీసేసింది.

"ఎన్నాళ్ళనుంచి అమ్మా?"

ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు దగ్గరికి లాక్కుంది.

పవిత్ర ఆమె పక్కన కూర్చుంది. "రోగానికి కాదమ్మా, భయం పోయేదానికి బోణీ. లోపల నేను చెయ్యి పట్టుకొని ఉంటా."

"మధ్యలో వదిలేస్తివంటే?"

"గేటు కాడ మీ కొడుకును కాపలా పెడదాం. పొద్దున్నుంచి ఒక చీరా అమ్మలేదు, ఖాళీనే."

అమ్మ నవ్వుతూ లేచింది. ఆమె లోపలికి పోగానే వీధి వీధంతా వెనకాల వరుస కట్టింది.

రొమ్ములో చిన్న గడ్డ బయటపడింది. హిందూపురంలో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాను. వీధి ఆడవాళ్ళు వంతులేసుకొని క్యారియర్లు పంపారు. సెలవు దొరికినప్పుడల్లా పవిత్ర వచ్చి అమ్మ తల దువ్వి పోయేది. తొందరగా చూపించారు కాబట్టి గండం తప్పిందని డాక్టరు అన్నాడు.

ఆ సాయంత్రం వానలో పవిత్రను మా ఊరి బస్టాండుకు తీసుకొచ్చాను.

"ఇంక ఈడ నాకేం పని లేదు," అంది.

"ఉండాది."

"ఏం పని?"

నేను గొడుగు సర్దుకున్నాను.

"ఇంత బేరగాడివి, ఒక్క మాటకు ఇంత సేపా?"

"ఈ బేరం చెడితే నేను తట్టుకోలేను పవిత్రా. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె వానకేసి చూసింది. "మా నాయనతో మాట్లాడు. గట్టి మనిషి, తగ్గడు."

"మరి నువ్వు?"

ఆమె గొడుగు కిందికి ఇంకొంచెం జరిగింది.

లెక్క చూసుకుంటే, అమ్మ దక్కింది. వీధిలో ఇంకొకరి జబ్బు కూడా మొదట్లోనే దొరికింది. పెనుకొండ బస్సు వచ్చి, హారన్ కొట్టి, పవిత్రను ఎక్కించుకోకుండానే పోయింది.