అవ్వకు పెట్టిన కోరలు

జానపద సినిమాలకు రాక్షసులను తయారుచేయడం నా పని. సిరిసిల్లలో మా ఇంటి వెనక మరమగ్గాల షెడ్డు ఖాళీగా పడి ఉంటే అందులోనే పని పెట్టుకున్నాను. ఈసారి దర్శకుడు శవాలు తినే ముసలి రాక్షసిని అడిగాడు. ఎన్ని ముఖాలు చెక్కినా బొమ్మల్లాగే ఉన్నాయి. చివరికి మా అవ్వ ముఖం మీద అచ్చు తీశాను.

నోట్లో ఒక్క పన్ను లేని మనిషి. మటన్ వండిన రోజు తను పులుసు కలుపుకుని, ముక్కలన్నీ నా పళ్లెంలో వేసేది. అచ్చుకు కూర్చునేముందు ఒక్కటే అడిగింది.

"మంచిగ చేస్తవా బిడ్డా? దేవత లెక్క?"

"చేస్తనవ్వా" అన్నాను. కోరలు పెట్టాను.

రబ్బరు ముఖాన్ని అవ్వ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ నా ముందు నవ్వలేదు. నెల తిరగకముందే పోయింది.

మూడోనాడు మానేరు ఒడ్డున అవ్వ పేరున పిట్టకు పెట్టాం. విస్తట్లో అన్నం, మటన్, ఒక నల్లి బొక్క, మూలుగున్న ఎముక. ఎండ ఎక్కింది గానీ ఒక్క కాకీ దిగలేదు. పిట్ట ముట్టలేదంటే పోయిన మనిషికి ఏదో కొరత మిగిలిందని నమ్మకం.

అక్క రోజారాణి నా చెవిలో గుసగుసలాడింది. "అవ్వ దేనిమీదనో అలిగింది. నీకేమన్న ఎరుకనా తమ్మీ?"

"నాకేం ఎరుకక్కా..."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సోమవారం షూటింగ్. ఆ ముఖం లేకపోతే ఆ సినిమా నా చేతిలో ఉండదు. అయినా కళ్లు మూసుకుని గొణిగాను. "ఆ రబ్బరు మొకాన్ని చింపేస్తనవ్వా... జర తినవ్వా."

అబద్ధం. అవ్వకు నా అబద్ధాలు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మనం చూస్తుంటె రావు. అటు మర్లుండ్రి" అన్నాడు పెదబాపు అంతయ్య.

అందరం అటు తిరిగాం. గాలి ఆగింది. రెక్కల చప్పుడు లేదు.

కట్... కట్...

ఎవరో తీరిగ్గా నములుతున్నారు. నా మెడ వెనక వాసన... నా షెడ్డులోని రబ్బరు వాసన.

చప్పుడు ఆగింది. తిరిగి చూశాం. విస్తట్లో అన్నమంతా నాకేసినట్టు ఉంది.

"ముట్టింది!" పెదబాపు దండం పెట్టాడు.

అక్క మాత్రం బొక్కను చూస్తూ నిలబడిపోయింది. అది నడిమికి విరిగి ఉంది. "గిదేం పిట్టరా?"

వంగి చూశాను. రెండు వైపులా లోతైన గాట్లు. ఆ కోరలను అరగదీసింది నేనే. ఎడమ కోర కాస్త వంకర, గాటూ అంతే.

విస్తట్లో ఒక్క మెత్తటి ముక్క మిగిలింది. కొరకకుండా, నేను నిలబడ్డ వైపు అంచుకు జరిపి ఉంది.