మూడో బొమ్మలో చుక్క

ఫైలు లేదు.

మార్చి 14, ఉదయం 10:40కి మైక్రోస్కోపు కింద తీసిన రెండో రోగి కణాల ఫోటో అది. ఇన్‌స్టిట్యూట్ సర్వర్లో దాని చోటు ఖాళీ. కొత్త మందు గురించి అచ్చయిన వ్యాసంలో, ఇద్దరు రోగుల ఫోటోలూ పక్కపక్కన ఉన్న మూడో బొమ్మ మాత్రం నిక్షేపంగా ఉంది. అయితే అందులో రెండోది కూడా మొదటి రోగి ఫోటోనే, తలకిందులు చేసి పెట్టారని ఒక పాఠకుడు పత్రికకు రాశాడు.

చెక్ దేశంలోని బ్ర్నో నగరం. మధ్యాహ్నం 2:10. బేస్‌మెంట్‌లో కిటికీ లేని మైక్రోస్కోపు గది.

వేండులా బల్ల దగ్గర బిగుసుకుపోయి కూర్చుంది. ఫోటోలు తీసిన పరిశోధక విద్యార్థిని ఆమే. ముందు ఒక కాగితం. "ఫోటో నేనే మార్చాను." టైపు చేయించింది గైడు, ప్రొఫెసర్ కుదేలా. గడువు సాయంత్రం నాలుగింటి వరకు. సంతకం పెడితే దొంగ. పెట్టకపోతే గైడు ఉండడు, నాలుగేళ్ల పీహెచ్‌డీ గాలికి పోతుంది.

ఈ ఫిర్యాదు మీద ఇన్‌స్టిట్యూట్ వేసిన విచారణాధికారి బ్లాంకా గుమ్మంలో బూట్లు విప్పి, అరిగిన చెప్పులు తొడుక్కుని లోపలికి వచ్చింది. ఒకప్పుడు పోలీసు ఫోటోగ్రాఫర్. ఓర్పు తక్కువ.

"రెండో ఫోటో తీశావా?"

"తీశాను మేడమ్. రెండో రోగికి మందు పనిచేయలేదు. అది స్పష్టంగా కనిపించింది."

"ఎవరికిచ్చావ్?"

"సార్‌కి."

పక్కనే నిలబడ్డ కుదేలా నవ్వాడు. "బొమ్మల పని పిల్లలది మేడమ్. నేను రాసేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్క ఫోటో ముట్టుకున్న పాపాన పోలేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ!"

బ్లాంకా ఆ మాట రాసుకుంది. మూలన ఉన్న, మైక్రోస్కోపు బాగోగులు చూసుకునే ముసలి ఓటా వైపు తిరిగింది.

"ఓటాగారూ, ఈ కెమెరాకి ఏమైనా జబ్బుందా?"

"ఉందమ్మా, పన్నెండేళ్లుగా. ఎడమవైపు పై మూల ఒక నల్ల చుక్క. ఏ ఫోటో తీసినా అక్కడే పడుతుంది. కొత్తది కొనండయ్యా అంటే వినే నాథుడేడీ!"

3:25. బ్లాంకా మూడో బొమ్మను తెర మీద పెట్టి కాంట్రాస్ట్ బాగా పెంచింది. మొదటి ఫోటోలో ఎడమవైపు పై మూల చిన్న చదరపు అతుకు తేలింది. చుక్కను చెరిపి, పక్క ముక్క అతికించారు.

"రెండో దాంట్లోనూ అతుకు అక్కడే ఉండాలి. ఉందా?"

ఆమె రెండో ఫోటోను పెద్దది చేసింది. అతుకు కుడివైపు కింది మూలలో ఉంది.

"చుక్క తుడిచాక ఫోటో తిప్పారు. సరే, తుడిచిందెవరు?"

ఆమె కుదేలా పాత వ్యాసాలు ఒక్కొక్కటే తెరిచింది. పదకొండు. వేండులా ఇక్కడికి రాకముందువి. అన్నిటిలోనూ అదే అతుకు, అదే కొలత, ప్రతిసారీ చుక్క కింది భాగం నుంచే తీసిన ముక్క. తర్వాత వేండులా రాస్తున్న థీసిస్ తెరిచింది. ప్రతి ఫోటోలో చుక్క అలాగే ఉంది. కింద 'కెమెరా లోపం' అని రాసి కూడా ఉంది.

"ముట్టుకోలేదన్నారుగా ప్రొఫెసర్‌గారూ?"

కుదేలా ముఖం పాలిపోయింది. "చుక్క మేడమ్! ఒక్క చుక్క! అచ్చులో నీటుగా కనిపించాలి కదా!"

"రెండో రోగి కూడా చుక్కేనా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఫైలు తీసేసిందీ, ఫోటో తిప్పి పెట్టిందీ తనేనని ఒప్పుకున్నాడు.

వేండులా కళ్లు తుడుచుకుని లేవబోయింది. బ్లాంకా ఆపింది.

"కూర్చో. అచ్చుకి వెళ్లేముందు మూడో బొమ్మ నీకు పంపారా?"

"...పంపారు."

"చూశావా?"

"తీరిగ్గా చూడలేదు. చుక్క లేదని మాత్రం గమనించాను. నీటుగా చేశారనుకున్నాను. సార్‌ని అడగాలంటే భయమేసింది."

బ్లాంకాకు జాలేసింది. కానీ వ్యాసం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ మందును నమ్మి ఏదో ఆసుపత్రిలో డాక్టరు రోగికి రాస్తూ ఉండవచ్చు. ఆమె పాత కాగితం చింపేసి, వ్యాసాన్ని వెనక్కి తీసుకునే పత్రం ముందు పెట్టింది. సంతకం పెడితే వేండులా పేరున్న ఒకే ఒక్క వ్యాసం పోతుంది. ఈసారి బలవంతం చేసేవాళ్లెవరూ లేరు.

సరిగ్గా నాలుగు గంటలకు వేండులా సంతకం పెట్టింది. కింద తన చేత్తో ఒక వాక్యం రాసింది.

"చుక్క పోవడం చూశాను, అడగలేదు."