ఏడో గదిలో రెండు తలలు

మా మ్యూజియంలో ఏడో గదిని పొద్దుగూకాక ఎవరూ ఒంటరిగా తుడవరు. ఇరవై రెండేళ్ళు అక్కడ గదులు తుడిచినదాన్ని, నాకు తెలియదా. కుండల గదిలో, పూసల గదిలో, నాణేల గదిలో కునుకు తీసినా ఏం కాదు. ఏడో గది అలా కాదు... నమ్మకపోతే మానేయండి, నాకేం పోయింది.

అంతకుముందు అదీ మామూలు గదే. దానికి చెడ్డపేరు తెచ్చింది మా తమ్ముడు. వాడిది ఎముకలు అతికించే పని. ఆఫీసులో అందరూ జిగురోడు అనేవాళ్ళు.

పాత కోట కందకం తవ్వితే ఒకే గోతిలో రెండు అస్థిపంజరాలు దొరికాయి. ఒకడి పక్కన కత్తి. రెండోవాడి మెడ ఎముక మీద లోతైన గాటు. ఆ గాటులో ఈ కత్తి అంచు సరిగ్గా కూర్చుందని పెద్దాఫీసరు మురిసిపోయాడు. ఇద్దర్నీ ఒకే అద్దాల బీరువాలో ఎదురెదురుగా నిలబెట్టి, చంపినవాడి చేతిలో కత్తి పెట్టమన్నాడు.

పుర్రెలు వేరే పెట్టెలో వచ్చాయి — ఒక్కోదాని మీద సిరాతో నంబరు. ఆ నంబరు కాగితం మీద ఎక్కించుకున్నాకే కడగాలి. మొదటిరోజు నేర్పే పాఠం అది. మావాడు తొందరలో రెండూ ఒకే తొట్టిలో కడిగేశాడు. నంబర్లు నీళ్ళలో కలిసిపోయాయి.

"అక్కా, కొంప మునిగింది," అన్నాడు గుసగుసగా. "ఎల్లుండే గది తెరిచేది. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"నా తల ఏదని వాళ్ళొచ్చి అడుగుతారా ఏంటి? ఏదో ఒకటి అతికించెయ్," అన్నాను. నా నోరు పడ.

అతికించాడు.

మర్నాడు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక నేను వరండా తుడుస్తున్నాను. ఏదో విరిగిన చప్పుడు... వెంటనే తమ్ముడి కేక. పరిగెత్తాను.

గాటువాడి ఎముకల చేతులు — కళ్ళారా చూశాను — పైకి లేచి, తన మెడ మీదున్న తలనే పట్టుకుని పీకుతున్నాయి. ఆపబోయిన మావాడి చెంప చీరుకుపోయి రక్తం కారుతోంది. తల ఊడి నేల మీద పడింది. అప్పుడు గానీ ఆ చేతులు కిందికి దిగలేదు.

"తారుమారు చేశానక్కా," అన్నాడు. "చంపినవాడి తల చచ్చినవాడికి పెట్టాను."

పారిపోదాం పదరా అన్నాను. వినలేదు. పొద్దున్నే గది తెరుస్తారు మరి.

ముందు కత్తివాడి మీదున్న తల ఊడదీసి, వాడి తల వాడికి అతికించాం. అది గట్టిపడింది. రెండోదాన్ని కూడా జిగురు ఆరేదాకా గంటసేపు రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. మావాడు బీరువాలోకి దూరి, కత్తివాడికి వీపు పెట్టి, గాటువాడి తలను పట్టుకుని నిలబడ్డాడు. గది సద్దుమణిగింది. హమ్మయ్య అనుకుని వాడికి టీ తేవడానికి వెళ్ళాను.

పది నిమిషాలు... అంతే.

తిరిగొచ్చేసరికి మావాడు రక్తపు మడుగులో పడి ఉన్నాడు. పుర్రె దూరంగా గోడవార ఉంది. దాన్ని రెండు చేతులు ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి. చేతులు మాత్రమే — మణికట్ల దాకా.

కత్తివాడి కత్తి తడిగా ఉంది. వాడి తల వాడికి మేమే ఇచ్చాం కదా. పాత పని మళ్ళీ చేశాడు.

తమ్ముడు బతికాడు. ఇప్పుడు అన్నం నేనే తినిపిస్తాను. ఒకరోజు ముద్ద పెడుతూ ఉండబట్టలేక అడిగాను. వెనక కత్తి లేచిన చప్పుడు వినపడలేదా, ఆ తల వదిలేసి బయటికి దూకెయ్యొచ్చు కదరా అని.

వాడు ముద్ద మింగాడు.

"వినపడిందక్కా. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ ఆ తల నా చేతుల్లో ఏడుస్తూ... 'నువ్వైనా వదిలేసి పోకు' అంది."