బిగుతెరగని బట్టలు

వీధిలోకి పాలబండి వచ్చేసరికే దర్జీ మిషను ముందు కూర్చున్నాడు. కొడుకు చొక్కా పక్క కుట్లు విప్పి, చంక కింద అదే రంగు గుడ్డముక్క వేసి, మళ్ళీ కుట్టాడు. ఇస్త్రీ చేశాక అతుకు ఎక్కడుందో ఇంకెవరికీ కనిపించదు. ఉతికిన బట్టలు మడతపెట్టే పని కూడా ఆయనదే. కుట్టు విప్పిన సంగతి ఇంట్లో మూడో కంటికి తెలియదు.

కొడుకు లోపలి గదిలో వెడల్పాటి కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఉద్యోగమూ ఆ కుర్చీలోనే, ఎవరెవరి ఫిర్యాదులకో ఫోనులో జవాబులు చెప్పడం. భోజనమూ అక్కడే. మేడ దిగి చాలాకాలమైంది. మొన్న ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూనే కునికాడు, పెదాలు నీలంగా మారాయి. తండ్రి భయపడి కూతురికి కబురు చేశాడు. ఆమె వేరే ఊళ్ళో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మొదటి బస్సుకే వచ్చింది.

వస్తూనే పెద్దాసుపత్రిలో డాక్టరుతో మాట్లాడానని, వ్యాను వస్తుందని చెప్పింది. తమ్ముడు రానన్నాడు. తనకేమీ కాలేదని, నిద్ర చాలడం లేదంతేనని అన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి తమ్ముడు నవ్వులాటకు దిగాడు.

"నేను మెట్లు దిగితే కింది వాటా వాళ్ళు భూకంపం అనుకుని రోడ్డెక్కుతారే అక్కా."

"ఎక్కనీ. లే."

తండ్రి ఇస్త్రీ చొక్కా తెచ్చి తొడిగాడు. హాయిగా పట్టింది.

ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నిటికీ చేతులున్నాయి. కొడుకు ఏ కుర్చీలోనూ పట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అలా నిలబడ్డవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక నడివయసు మాస్టారు కర్ర మీద బరువంతా వేసి ఆయాసపడుతున్నాడు. ఒక తల్లి పక్కన బడి వయసు పిల్ల, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. దర్జీ కన్ను అలవాటు కొద్దీ అందరి నడుములూ కొలిచింది. ఈ మధ్య బడి యూనిఫారాలకు వస్తున్న కొలతలు ఒకప్పుడు ఆ పిల్లల తండ్రులవి. తర్వాత వదులు చేసుకునేందుకు లోపల గుడ్డ బాగా వదలమని బడివాళ్ళే చెబుతున్నారు. ఆయన వదులుతున్నాడు. ఎందుకని ఎన్నడూ అడగలేదు.

బరువు చూసే యంత్రం ముల్లు చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. నర్సు తలొంచుకుని, కింద సామాన్లు దించే చోట పెద్ద కాటా ఉంది, అక్కడికి తీసుకెళ్ళమంది. అట్టపెట్టెల మధ్య, ఇనుప పలక మీద కొడుకు నిలబడ్డాడు. సామాను మోసేవాళ్ళిద్దరు చేస్తున్న పని ఆపి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నవ్వినా బాగుండేది.

డాక్టరమ్మ కాగితాలన్నీ చూసింది. తిండి గురించి, నిద్ర గురించి, తల్లి ఆరోగ్యం గురించి అడిగింది. తల్లి వాడి చిన్నతనంలోనే పోయిందని కూతురు చెప్పింది. ఆ తర్వాత డాక్టరమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఇంత పెరుగుతుంటే మీకు తెలియలేదా? బట్టలు బిగుతవుతాయి కదా. చాలామందికి మొదట తెలిసేది అక్కడే."

కొడుకు తల అడ్డంగా ఊపాడు.

"లేదండీ," అన్నాడు. "నాకు బట్టలు ఎప్పుడూ బిగుతు కాలేదు."

చెప్పాక తనకే వింతగా తోచినట్టుంది. చొక్కా వైపు చూసుకున్నాడు. కూతురు లేచి వచ్చి తమ్ముడి చెయ్యి పైకెత్తి, చంక దగ్గర గుడ్డ తిరగేసి చూసింది. ముక్క పక్కన ముక్క. పాత ముక్కలు వెలిసి, కొత్తది మెరుస్తోంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

దర్జీకి చెప్పక తప్పలేదు. తల్లి పోయిన ఏడాది బళ్ళో వాడి చొక్కా గుండీ తెగి ఎగిరి పడిందట. పిల్లలు ఏరుకొచ్చి బల్ల మీద పెట్టి చప్పట్లు కొట్టారట. వాడు ఇంటికొచ్చి మంచం కింద దూరి బయటికి రాలేదు. అప్పటి నుంచి వాడికి ఏదీ బిగుతు కానివ్వలేదు. ముందుగానే విప్పి, ముందుగానే వదులు చేసి పెట్టాడు.

"మళ్ళీ వాడు ఏడవకూడదనుకున్నానమ్మా."

"ఏడవనివ్వాల్సింది. ఒక పూట ఏడ్చి ఊరుకునేవాడు. ఇప్పుడు చూడు, ఊపిరి కోసం ఏడుస్తున్నాడు. నువ్వు కుట్టింది వీడి చొక్కాలు కాదు నాన్నా, వీడి కళ్ళు."

డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అంతా ఆయన నెత్తిన వేయకండమ్మా. ఇది జబ్బు. ఊరంతా పాకుతోంది. బయట వరండాలో ఉన్నవాళ్ళ తండ్రులందరూ దర్జీలు కారు."

ఆ మాట వల్ల ఎవరికీ బరువు దిగలేదు. ఆమె అసలు సంగతి చెప్పింది. గుండె వాచింది. ఆపరేషన్ చేసే దశ కాదు, మత్తిస్తే మళ్ళీ లేవకపోవచ్చు. ఇవాళే చేర్చుకుని ఊపిరి యంత్రం పెట్టాలి. బరువు దిగేదాకా గుండె తట్టుకుంటుందా అని కూతురు అడిగింది. చూద్దాం అంది డాక్టరమ్మ. ల్యాబులో పనిచేసే మనిషికి ఆ మాటకు అర్థం తెలుసు.

వరండాలోకి వచ్చాక కొడుకు అన్నాడు, "నేనెంత లావయ్యానో నీకు తెలుసు కదా నాన్నా."

"తెలుసురా. ప్రతి అంగుళమూ తెలుసు."

"నాకే తెలియదు."

కోపంగా అనలేదు. కోప్పడినా దర్జీ తట్టుకునేవాడు.

వార్డు నర్సు ఆసుపత్రి గౌను తెచ్చింది, ఉన్నవాటిలో పెద్దది. తెర చాటున తొడిగితే ముందు వైపు ఎలాగో కప్పింది. వెనక నాడాలు ఒకదానికొకటి అందలేదు. ఆయన దర్జీ అని తెలిసి నర్సు, రెండు గౌన్లు కలిపి ఒకటిగా కుట్టి తెస్తారా అని అడిగింది. దర్జీ చెయ్యి అప్పటికే చాచాడు.

"వద్దు నాన్నా," అన్నాడు కొడుకు.

"వెనకంతా కనిపిస్తుందిరా చిన్నా."

"కనిపించనీ. చాలలేదని నాకు తెలియాలి."

వార్డు వరండాకు ఆ చివర ఉంది. కొడుకు గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. జనం పక్కకు తప్పుకుని చూశారు. ఒక పిల్లాడు వేలు చూపించాడు, తల్లి ఆ వేలు పట్టి దించింది. దర్జీ వెనకే పరుగెత్తి గౌను రెండు అంచులూ రెండు చేతులతో దగ్గరికి లాగాడు.

"వదిలెయ్ నాన్నా."

దర్జీ వదిలాడు. అందరి ముందూ, అంత పెద్ద వయసులో, నోరు తెరిచి ఏడ్చాడు. డాక్టరమ్మ గదిలోంచి వచ్చాక ఆయన మొహం చూడని కూతురు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. క్షమించానని చెప్పలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

కొడుకు నాలుగడుగులు వేసి ఆయాసంతో ఆగాడు. వెనక వాళ్ళిద్దరూ ఆగారు. అతను మళ్ళీ కదిలాక కదిలారు.